ఆ నోటుపుస్తకాన్ని తీసిపారేయకండి

ప్రశ్న: మా అబ్బాయిది బీటెక్ చివరి ఏడాది. ఎథికల్ హ్యాకింగ్ (అనుమతి తీసుకుని కంప్యూటర్లలోకి చొరబడి లోపాలు కనిపెట్టే పని) కోర్సుకు లక్షన్నర కట్టబోతున్నాం. వాడేమో సంస్థల భద్రతా వ్యవస్థను నడిపే పని నేర్చుకుంటానంటున్నాడు. కాలేజీ ల్యాబులోని 60 కంప్యూటర్ల వివరాలు నోటుపుస్తకంలో రాసుకుంటూ సెలవులన్నీ పాడుచేశాడు. ఏది మేలు? – ఒక తండ్రి, గుంటూరు

జవాబు: అయ్యా, కోర్సుల మీద సందేహం కంటే అబ్బాయి ఖాళీగా కూర్చుంటాడేమోనన్న బెంగే మీ ఉత్తరంలో ఎక్కువగా కనిపించింది. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి. బెంగ పెట్టుకోకండి. మీరు ఫిర్యాదుగా రాసిన ఆ నోటుపుస్తకమే ఈ వృత్తికి తొలిమెట్టు.

2017లో అమెరికాలో జనం అప్పుల చరిత్రను నమోదు చేసే ఈక్విఫాక్స్ సంస్థ నుంచి దాదాపు 14.7 కోట్ల మంది వివరాలు దొంగల పాలయ్యాయి. అపాచీ స్ట్రట్స్ అనే సాఫ్ట్‌వేర్‌లోని లోపాన్ని సరిచేసే ప్యాచ్ మార్చిలోనే వచ్చింది. వెంటనే వేయాలని సంస్థలో మెయిల్ కూడా వెళ్లింది. కానీ ఆ సాఫ్ట్‌వేర్ ఏ యంత్రంలో ఉందో చెప్పే పూర్తి జాబితా లేదు. మే నెలలో చొరబడిన దొంగల సంగతి జూలై చివరికి గాని బయటపడలేదు. అక్కడ కొరవడింది మీ అబ్బాయి రాసుకున్నటువంటి జాబితాయే.

‘మూడు నెలల్లో హ్యాకర్ అవండి’ అనే ప్రకటనలంటే నాకు నమ్మకం లేదు. ముందే లోపాలు పెట్టిన యంత్రాన్ని ఛేదించడం నేర్పి పంపిస్తారు. నెట్‌వర్కులు, ఆపరేటింగ్ సిస్టమ్‌లు, ప్రోగ్రామింగ్ ఏళ్ల తరబడి ఒంటబట్టించుకున్నవారికే ఆ పనిలో నిలదొక్కుకోవడం సాధ్యం. సరదా ఉంటే పోర్ట్‌స్విగర్ వెబ్ సెక్యూరిటీ అకాడమీ అనే ఆన్‌లైన్ శిక్షణ సైట్‌లో ఉచితంగా సాధన చేయమనండి. అప్పు చేసి కట్టాల్సిన విద్య కాదది.

సంస్థను కాపాడే పని వేరు. ‘ఈ నెల ఇన్ని వేల దాడులు ఆపాం’ అని మురిసిపోతే ఏమీ తెలియదు. ప్యాచ్ వచ్చిన ఎన్ని రోజులకు వేశారు? ఉద్యోగం మానేసినవారి లాగిన్ ఎన్నాళ్లకు మూసేశారు? బ్యాకప్‌ను నిజంగా వెనక్కి తెచ్చి చూశారా? ఉత్తుత్తి మోసపు మెయిల్ పంపితే ఎంతమంది వెంటనే ఫిర్యాదు చేశారు? ఇవీ లెక్కలు. సైబర్ దాడి లాంటిది జరిగితే గుర్తించిన 6 గంటల్లో తమకు తెలపాలని కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022లోనే ఆదేశించింది. వ్యక్తిగత సమాచారానికి తగిన రక్షణ కల్పించకపోతే రూ.250 కోట్ల దాకా జరిమానా అని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెబుతోంది. బ్యాంకులకైనా ఆసుపత్రులకైనా ఓపికగా లెక్కలు చూసే మనిషి కావాలి.

ఒక మాట, నొచ్చుకోకండి. లక్షన్నర తీయడానికి సిద్ధపడ్డ మీరు ఆ పుస్తకం ఒక్కసారైనా తెరిచి చూశారా? ఎవరూ చెప్పకుండా 60 యంత్రాలు తిరిగి రాసుకున్న పిల్లవాణ్ని పట్టుకుని సెలవులు పాడుచేశాడంటారా? ఈ రోజే వాడి పక్కన కూర్చుని చూపించమనండి.

అందులో ఇంకో రెండు కాలమ్‌లు గీయమనండి: ప్యాచ్ వచ్చిన తేదీ, వేసిన తేదీ. మధ్య రోజులు లెక్కకట్టి ల్యాబ్ ఇన్‌ఛార్జికి ఇవ్వాలి. ఇంటర్వ్యూకు వెళ్లేటప్పుడు ఆ పుస్తకాన్ని కూడా వెంట తీసుకెళ్లమనండి.