పెట్రోలు అనే మాటకు అర్థం ఏమిటి? అది ఎక్కడిది?

విడదీస్తే రాతినూనె. లాటిన్‌లో పెట్రా అంటే రాయి, ఓలియం అంటే నూనె. రెండూ కలిస్తే పెట్రోలియం. ఫ్రెంచివాళ్ల నోట అది పెత్రోల్ అయింది. 1890ల్లో లండన్‌లో కార్‌లెస్, కేపెల్ అండ్ లెనార్డ్ అనే కంపెనీ శుద్ధిచేసిన తేలిక నూనెను పెట్రోల్ అన్న పేరుతో అమ్మింది. మనకొచ్చింది ఆ ఇంగ్లీషు మాటే.

నాకు ఈ మాట మీద ధ్యాస పుట్టింది మద్రాసులో, రేషన్ షాపు వరసలో. మాది గూడూరు. నాన్న ఉద్యోగం వల్ల పెరంబూరులో పెరిగాను. అమ్మ "కిరసనాయిలు" అంటే షాపాయన "మణ్ణెణ్ణెయా?" అని మళ్లీ అడిగేవాడు. ఇంటికొచ్చాక అమ్మమ్మ విప్పి చెప్పింది: "మణ్ అంటే మన మన్నేరా, ఎణ్ణెయ్ అంటే నూనె." హిందీలో మిట్టీ కా తేల్ అన్నా అంతే. చైనాలో 11వ శతాబ్దపు పండితుడు షెన్ కువో పెట్రోలియాన్ని షీయో అని రాశాడు. షి అంటే రాయి, యో అంటే నూనె. లాటిన్ మాటకు అచ్చు జోడీ!

ఇక ఆ నూనె అన్న సగం చూడండి, అసలు అందం అక్కడే ఉంది. మన నూనెలో ఉన్నది నువ్వు, నెయ్యి. తమిళ ఎణ్ణెయ్‌లోనూ ఎళ్ అంటే నువ్వులే. పాతకాలంలో నెయ్ అంటే జిడ్డుగా ఉండే ఏదైనా. ఓలియం కూడా మొదట ఆలివ్ నూనె పేరే. ఎవరి గానుగలో ఏది ఆడితే ఆ పేరే తర్వాత అన్ని నూనెలకూ పాకింది. అందుకే కొబ్బరినూనె అన్నా అందులో నువ్వులుంటాయి, పెట్రోలియం అన్నా అందులో ఆలివ్ ఉంటుంది. ఇది తెలిసిన రోజు అమ్మమ్మ ఉండి ఉంటే ఎంత సంబరపడేదో.

అమెరికాలో మా బావ "గ్యాస్ కొట్టించాలి" అంటే కంగారుపడకండి. అది గ్యాసొలీన్‌కు పొట్టి పేరు, మన పెట్రోలే. వంటగ్యాసు కాదు.

డీజిల్ మాత్రం ఈ వరసలోది కాదు, అది మనిషి పేరు. జర్మన్ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1892లో ఆ ఇంజన్‌కు పేటెంటు కోరాడు. ఆయన పేరు ముందు ఇంజన్‌కు, తర్వాత అందులో పోసే నూనెకు వచ్చింది. 1900 పారిస్ ప్రదర్శనలో అలాంటి ఇంజన్ ఒకటి నడిచింది మన్నులోంచి తీసిన నూనెతో కాదు, వేరుశనగ నూనెతో.