డీఎస్ఎల్ఆర్‌తో నాట్యం వీడియో తీస్తే ఫోకస్ ఎందుకు జారిపోతుంది?

మీ అమ్మాయి కూచిపూడి ప్రదర్శనను కెనాన్ 1500డీతో తీస్తే ఫోటోల్లో ముక్కు పుడక కూడా స్పష్టంగా కనిపిస్తోందనీ, వీడియో మాత్రం మసకగా వస్తోందనీ రాశారు. కొత్త లెన్స్ కొనాలా అని అడిగారు. అక్కర్లేదు. నేను ఏళ్ల తరబడి నాట్య కార్యక్రమాలే తీస్తున్నాను. మీ దగ్గరున్న 18-55 ఎంఎం జూమ్ లెన్స్ చాలు, కానీ ఫోకస్ బాధ్యత కెమెరాకు వదలకండి.

ఫోటో తీసేటప్పుడు కెమెరా లోపలి అద్దం కొంత వెలుతురును విడిగా ఉన్న ఫోకస్ సెన్సర్‌కు పంపుతుంది. అందుకే క్షణంలో ఫోకస్ కుదురుతుంది. వీడియోలో అద్దం పైకి లేచి ఉంటుంది, ఆ సెన్సర్‌కు వెలుతురే అందదు. మీరు ఫోకస్ కోసం బటన్ నొక్కినప్పుడల్లా కెమెరా లెన్స్‌ను ముందుకూ వెనక్కూ జరుపుతూ, బొమ్మ అంచులు ఎక్కడ పదునుగా ఉన్నాయో వెతుక్కుంటుంది. వేదిక మీద ఎర్ర లైటు పోయి నీలం లైటు వచ్చే వేళకు ఆ వెతుకులాట మరీ ఎక్కువవుతుంది, అదంతా వీడియోలోకి ఎక్కుతుంది.

కాబట్టి లెన్స్ పక్కనున్న మీటను ఎంఎఫ్‌కు, అంటే చేత్తో ఫోకస్ చేసే పద్ధతికి, జరపండి. తెర లేవడానికి ముందే, అమ్మాయి ఎక్కువసేపు నిలబడే చోట ఎవరినైనా నిలబెట్టండి. వేదిక లైట్లు వేయించి, కెమెరా తెర మీద బొమ్మను 10 రెట్లు పెద్దది చేసి, వాళ్ల బొట్టు అంచును చూడండి. లెన్స్ మీది ఫోకస్ రింగును మెల్లగా తిప్పుతూ పోతే బొట్టు చుట్టూ ఉన్న మసక సన్నబడి, ఒకచోట గీత గీసినట్టు నిలుస్తుంది. అక్కడ ఆగకుండా ఇంకొంచెం తిప్పి, మళ్లీ మసకబారాక వెనక్కి రండి. అప్పుడే అసలైన చోటు దొరికిందని నమ్మకం కుదురుతుంది. ఆ తర్వాత రింగు కదలకుండా చిన్న టేపు ముక్క అంటించండి.

ముందు దగ్గరకు జూమ్ చేసి ఫోకస్ పెట్టి, తర్వాత వెడల్పు చేసుకోవచ్చని చాలామంది చెబుతారు. ఫోటోల కోసం తయారైన జూమ్ లెన్సులు చాలావరకు అలా పనిచేయవు, జూమ్ మారితే ఫోకస్ కూడా జరుగుతుంది. మొదట జూమ్, ఆ తర్వాతే ఫోకస్.

ఇక అపెర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం. ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదై, స్పష్టంగా ఉండే లోతు పెరుగుతుంది. మీ మసకకు ఇదీ ఒక కారణం కావచ్చు. 50 ఎంఎం లెన్స్‌ను ఎఫ్/1.8 వద్ద పెట్టి 6 మీటర్ల దూరం నుంచి తీస్తే స్పష్టంగా ఉండే లోతు సుమారు ఒక మీటరే. నర్తకి ఒక్క అడుగు వేస్తే చాలు, ముఖం మసకబారుతుంది. అదే దూరంలో 18-55ను 35 ఎంఎం దగ్గర ఉంచి ఎఫ్/5.6 పెడితే, దాదాపు 4 మీటర్ల నుంచి 12 మీటర్ల దాకా స్పష్టంగా వస్తుంది. అంటే మామూలు వేదిక మొత్తం. తరంగంలో ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలిచి వేదిక ముందు దాకా వచ్చినా మీరు రింగు ముట్టుకోనక్కర్లేదు. తగ్గిన వెలుతురుకు ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) పెంచండి. 1600 వద్ద బొమ్మలో కొంచెం ఇసుక చల్లినట్టు గింజ కనిపించినా, మసక ముఖం కన్నా అది వెయ్యి రెట్లు నయం. షట్టర్‌ను మాత్రం 1/50 సెకను దగ్గరే ఉంచండి, అప్పుడు మన 50 హెర్ట్జ్ కరెంటుకు ట్యూబులైట్లు వీడియోలో మినుకుమనవు.

పగలు గుడి ప్రాంగణంలో తీసేటప్పుడు చిక్కు తిరగబడుతుంది. 1/50 షట్టర్‌కు ఎండ ఎక్కువై కెమెరా ఎఫ్/22 అడుగుతుంది. అంత చిన్న రంధ్రం గుండా వచ్చిన వెలుతురు చెదిరి, ఫోకస్ సరిగ్గా ఉన్నా బొమ్మ మెత్తబడుతుంది. అప్పుడు లెన్స్ ముందు ఎన్‌డీ32 ఫిల్టర్ (వెలుతురును 32వ వంతుకు తగ్గించే నల్ల అద్దం) బిగించి ఎఫ్/4కు రండి.

ముందు ముందు కెమెరానే మార్చాలనుకుంటే, డ్యూయల్ పిక్సెల్ ఆటోఫోకస్ ఉన్నది చూడండి. కెనాన్ దాన్ని 2013లో 70డీతో తెచ్చింది, 200డీలోనూ ఉంది. ఇందులో వీడియోకు వాడే సెన్సరే ఫోకస్ దూరాన్ని కొలుస్తుంది కాబట్టి ముందుకూ వెనక్కూ ఊగడం చాలావరకు తగ్గుతుంది. అయినా నిశ్చలమైన వేదిక కార్యక్రమాలకు నేను ఇప్పటికీ ఎంఎఫ్‌లోనే తీస్తాను.