బౌడికా కాలానికి వెళ్లే ముందు

చిరంజీవి అమ్మాయికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన నవల ప్రణాళిక, మొదటి మూడు అధ్యాయాలు రెండుసార్లు చదివాను. ఇంగ్లండులోని నార్విచ్‌లో చదువుకునే పదహారేళ్ల తెలుగు పిల్ల కాలం దాటి, ప్రాచీన ఐరోపా జాతులైన కెల్టుల మధ్య పడటమనే ఊహ నాకు చాలా నచ్చింది. ఆ వయసు పిల్లలకు తెలుగులో సాహస నవలలు ఎంత తక్కువో, వాళ్లు ఎంత ఆకలిగా వెతుక్కుంటారో పిల్లల పుస్తకాలు సరిదిద్దుతూ బతికిన నాకు తెలుసు. నీ నవల బాగా రావాలని కోరుకుంటున్నాను కాబట్టి మొహమాటపడకుండా రాస్తున్నాను.

నీ కథానాయిక క్రీ.పూ. 52లో గాల్ దేశంలో, అంటే నేటి ఫ్రాన్స్‌లో, రోమన్లు సాగించిన అలేసియా ముట్టడి చూస్తుంది, అక్కడి నుంచి బ్రిటన్‌లో రోమన్ల మీద లేచిన బౌడికా రాణి తిరుగుబాటుకు, ఆ తరువాత 1014లో డబ్లిన్ దగ్గర జరిగిన క్లాంటార్ఫ్ యుద్ధానికి వెళుతుంది. వీటిలో రెండు వదిలేయి. గాల్ దేశపు యోధుడికీ క్లాంటార్ఫ్‌లో పోరాడిన ఐరిష్ వాడికీ మధ్య వెయ్యేళ్లు ఉన్నాయి. అప్పటికి ఐరిష్ వాళ్లు క్రైస్తవులై శతాబ్దాలు గడిచాయి. అందరినీ ఒకే అంగీ తొడిగిన కెల్టులుగా చూపిస్తే ఎవరూ మనుషుల్లా కనిపించరు. పైగా ప్రతి చోటా యుద్ధం చూసి వెళ్లిపోయే పిల్లకు స్నేహం ఎప్పుడు కుదురుతుంది? ఒక్క చోట దింపు. ఒక చలికాలం, ఒక పంట కాలం అక్కడే ఉండనివ్వు.

ఆ చోటు నీ కాళ్ల కిందే ఉంది. నార్విచ్ ఐసెనీలనే కెల్టు తెగ వాళ్ల నేల. వాళ్ల రాజు ప్రాసుటాగస్ చనిపోతూ తన రాజ్యానికి ఇద్దరు కూతుళ్లతో పాటు నీరో చక్రవర్తిని కూడా వారసుడిగా రాశాడు. అలా చేస్తే ఇల్లూ రాజ్యమూ నిలుస్తాయనుకున్నాడు. రోమన్లు అన్నీ దోచుకున్నారు, రాణి బౌడికాను కొరడాలతో కొట్టారు, కూతుళ్లను చెరిచారు. క్రీ.శ. 60 లేదా 61లో తిరుగుబాటు లేచింది. రోమన్ గవర్నర్ సుయెటోనియస్ పౌలినస్ అప్పుడు దూరాన ఆంగ్లెసీ ద్వీపంలో, కెల్టుల పూజారులైన డ్రూయిడ్ల మీద దండయాత్రలో ఉన్నాడు. ఈలోగా కాములోడూనమ్, లోండినియం, వెరులామియం కాలిపోయాయి. అవే నేటి కోల్చెస్టర్, లండన్, సెయింట్ ఆల్బన్స్. కోల్చెస్టర్‌లోనూ లండన్‌లోనూ లోతుగా తవ్విన చోట ఎర్రగా కాలిన మట్టి పొర ఇప్పటికీ బయటపడుతుంది.

ఇదంతా మనకు చెప్పిన చరిత్రకారులు ఇద్దరు, టాసిటస్, కాసియస్ డియో. ఇద్దరూ రోమ్ పక్షం వాళ్లే. టాసిటస్ మామగారు అగ్రికోలా ఆ రోజుల్లో పౌలినస్ కింద పని చేసినవాడు. కాసియస్ డియో నూరేళ్లకు పైగా గడిచాక రాశాడు. బౌడికా నోట వాళ్లు పెట్టిన ఉపన్యాసాలు ఆ కాలపు చరిత్రకారుల అలవాటు ప్రకారం వాళ్లు కల్పించినవి. నీ రెండో అధ్యాయంలో వాటిని దాదాపు యథాతథంగా ఎత్తి రాశావు. తీసేయి. రాణి తన మనుషులతో, పొయ్యి దగ్గర, గుర్రపుశాలలో ఎలా మాట్లాడుతుందో నువ్వే కూర్చుని ఆలోచించు.

ఇద్దరు చరిత్రకారులూ చెప్పకుండా వదిలేసింది చూశావా? ఆ ఇద్దరు కూతుళ్ల పేర్లు, వయసు, చివరికి వాళ్లకు ఏమైందన్న సంగతి ఎక్కడా లేవు. నీ నవల ఇక్కడ మొదలవ్వాలి. నీ పిల్లకు స్నేహితురాలు రాణి కాకూడదు, ఆ కూతుళ్లలో ఒకతె కావాలి. వాళ్లకు జరిగిన అన్యాయాన్ని దాచకు. అలాగని దృశ్యంగా చూపించకు కూడా. చదివే పిల్లలు పదమూడు పద్నాలుగేళ్ల వాళ్లు. ఆ తరువాతి రోజుల్లో ఆమె ఎవరి పక్కన కూర్చుంటుంది, ఎవరు దగ్గరికి వస్తే లేచి వెళ్లిపోతుంది అన్నవి రాస్తే చాలు, వాళ్లకు అర్థమవుతుంది.

ఇంకో కష్టమైన మాట. నీ పిల్లను లోండినియం కూడా పంపు. పౌలినస్ ఆ ఊరిని కాపాడలేనని తేల్చుకుని వెళ్లిపోయాక, కదల్లేని ఆడవాళ్లు, ముసలివాళ్లు, ఊరు వదలలేనివాళ్లు వెనక మిగిలి చనిపోయారని టాసిటసే రాశాడు. వాళ్లెవరో నీకు ఊహ అందడానికి ఒక చక్కటి ఆధారం ఉంది. లండన్‌లో బ్లూమ్‌బర్గ్ భవనం కట్టే చోట 2010 తరువాత జరిగిన తవ్వకాల్లో నాలుగు వందలకు పైగా చెక్క పలకలు దొరికాయి. ఒకదాని మీద క్రీ.శ. 57 జనవరి 8 తేదీతో అప్పు పత్రం ఉంది. విముక్తుడైన ఒక బానిస మరొక విముక్త బానిసకు 105 డెనారీలు, అంటే రోమన్ వెండి నాణేలు, బాకీ. ఆ ఇద్దరూ రాజ్యాలు కొల్లగొట్టినవాళ్లు కారు, సరుకులు అమ్ముకునేవాళ్లు. క్రీ.శ. 62 అక్టోబర్ 21 నాటి ఇంకో పలక, వెరులామియం నుంచి లోండినియానికి ఇరవై బరువుల సరుకు తోలే ఒప్పందం. ఊళ్లు కాలిన కొద్ది కాలానికే బళ్లు కదిలాయి! నీ పిల్ల ఆ వ్యాపారి ఇంట్లో ఒక పూట తిన్నదై ఉండాలి. అప్పుడు, స్నేహితురాలి తల్లి నడిపే సేన ఆ ఊరి వైపు వస్తుంటే ఆమె ఎవరి పక్షమో పాఠకులకు ఊపిరాడదు.

ఇక కాలం దాటే దారి. ఇంగ్లండులోని ప్రాచీన రాతి వలయం స్టోన్‌హెంజ్ దగ్గర డ్రూయిడ్ మంత్రం చదివితే ద్వారం తెరుచుకున్నట్టు రాశావు. స్టోన్‌హెంజ్ పెద్ద రాళ్లు నిలబెట్టినది డ్రూయిడ్ల ప్రస్తావన ఎక్కడా వినిపించని కాలంలో, వాళ్లకు రెండు వేల ఏళ్లకు పైగా ముందు. పిల్లలు ఇలాంటివి ఇట్టే పట్టేస్తారు. దానికన్నా గొప్ప వస్తువు ఒకటి ఉంది. ఆంగ్లెసీలో 1942–43లో వైమానిక స్థావరం కడుతూ లిన్ కెరిగ్ బాఖ్ అనే చెరువు పక్క బురద నేల తవ్వారు. కత్తులు, రథాల భాగాలు, ఒక ఇనుప గొలుసు బయటపడ్డాయి. ఆ గొలుసు ట్రాక్టరుకు తగిలించి బురదలో కూరుకున్న లారీలను లాగారు. అది రెండు వేల ఏళ్ల కిందట మనుషుల మెడలకు తగిలించి నడిపించిన బానిసల గొలుసని తరువాత తెలిసింది. నీళ్లకు వస్తువులు సమర్పించడం వాళ్ల ఆచారం. ద్వారం నీళ్లలో ఉండనివ్వు. ఆ గొలుసు కథలోకి వస్తే, కెల్టులు కూడా మనుషులను బంధించారన్న నిజం దానితో పాటే వస్తుంది.

కాలం లెక్కకు నియమం ఒకటి పెట్టుకో, దాన్ని తప్పకు. కూతురికి వరుణ్ణి అడగడానికి బ్రహ్మలోకం వెళ్లిన రైవతుడు తిరిగి వచ్చేసరికి యుగాలు గడిచిపోవడం మన పిల్లలకు భాగవతంలో తెలిసిందే. ఐరిష్ కథలో మాయలోకానికి వెళ్లిన వీరుడు ఓషీన్‌కు కూడా అలాగే మూడేళ్లు మూడు వందల ఏళ్లవుతాయి. నెరా అనే వాడి కథలో ఇందుకు పూర్తిగా విరుద్ధం. చలికాలం మొదట్లో వచ్చే సౌయిన్ పండుగ రాత్రి వాడు గుట్ట లోపలి లోకానికి వెళ్లి రోజులు గడిపి వస్తాడు. బయట చూస్తే పొయ్యి మీద వంట ఇంకా దించనే లేదు. ఎవరూ నమ్మరని, శీతకాలంలో వేసవి పువ్వులు సాక్ష్యంగా తెస్తాడు. నీకు ఈ రెండో పద్ధతే నప్పుతుంది. ఇవి మధ్యయుగాల ఐర్లాండు కథలు, ఐసెనీల నోట పలికించకు. నియమం మాత్రం అరువు తీసుకో.

మాట విషయంలో తొందరపడ్డావు. మొదటి రోజే అందరితో గడగడా మాట్లాడించావు. వాళ్లది నేటి వెల్ష్‌కు పూర్వ రూపమైన బ్రిటన్ల భాష. ఇంగ్లీషు ఆ ద్వీపానికి చేరడానికి ఇంకా శతాబ్దాలు పడుతుంది. కొన్ని వారాలు సైగలతోనే నడవనివ్వు. వాళ్ల తిండి బార్లీ, గోధుమ జాతి ధాన్యాలు, పశువుల మాంసం, పాలు, బీరు. నువ్వు రాసిన బంగాళాదుంప తీసేయి, అది ఐరోపాకు వచ్చింది చాలా తరువాత. బ్రిటన్లు కుందేలును తినరని సీజర్ రాశాడు. బౌడికా యుద్ధానికి ముందు ఒడిలోంచి కుందేలును వదిలి, అది పరుగెత్తిన దిక్కును బట్టి శకునం చూసిందని డియో చెబుతాడు. ఆకలితో ఉన్న నీ పిల్ల ఒకనాడు కుందేలును పట్టి తెచ్చిందనుకో, ఎంత గొడవ జరుగుతుందో ఊహించు!

నీ పిల్లతో వాళ్లకు విజ్ఞానం నేర్పించే దృశ్యాలు కూడా వద్దు. నార్ఫోక్‌లోని స్నెటిషాంలో దొరికిన పెద్ద కంఠాభరణం చూడు. కిలోకు పైగా బరువు, బంగారంలో వెండి కలిపి తీసిన 64 తీగలు, ఎనిమిదేసి మెలేసి ఎనిమిది పేటలు చేసి, వాటిని మళ్లీ మెలేశారు. బ్రిటిష్ మ్యూజియంలో ఉంది, తప్పకుండా వెళ్లి చూడు. ఆ పని చేసిన కంసాలి దగ్గర నీ పిల్ల నేర్చుకోవాలి.

ముగింపు నాకు కుదరలేదు. బౌడికాను నీ పిల్ల బతికించడం వద్దు. ఆమె విషం తీసుకుందని టాసిటస్, జబ్బుతో చనిపోయిందని డియో రాశారు. చివరి యుద్ధం ఎక్కడ జరిగిందో ఇప్పటికీ తేలలేదు. తల్లి ఎలా పోయిందో ఆ కూతురికి తెలుసు. నీ పిల్ల అడగాలా, అడగకుండా నీళ్ల దారి పట్టాలా అన్నది నువ్వే తేల్చుకో, నేను చెప్పను. రెండో అధ్యాయం తిరగరాసి ముందు అది పంపు. సంక్రాంతి లోపు వస్తే పండుగ సెలవుల్లో చదివి జవాబు రాస్తాను.

ఆశీస్సులతో,
పెద్దమ్మ