పటిక పెంచే ముందు పీహెచ్ చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

మీ నీటిశుద్ధి ప్లాంటులో నీళ్ల పీహెచ్ (ఆమ్లగుణం కొలత, 7 కంటే తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 5కి పడిపోయిందని, పటిక ఎంత పెంచినా బురదనీళ్లు తేరుకోవడం లేదని రాశావు. ముందు ఆ పెంచడం ఆపు. మిగతాది తర్వాత చదువుదువుగాని.

మట్టి రేణువులకు రుణావేశం ఉంటుంది. ఒకదాన్నొకటి తోసుకుంటాయి కాబట్టి ఎంతసేపైనా కిందికి దిగవు. పటికలోని అల్యూమినియం ఆ ఆవేశాన్ని చంపి, హైడ్రాక్సైడ్‌గా మారి మెత్తటి తుట్టెలు కడుతుంది. మట్టిని అడుక్కి ఈడ్చుకెళ్లేవి అవే. తుట్టె కట్టాలంటే పీహెచ్ 6, 7 మధ్య ఉంటే మంచిది. 5 కంటే దిగితే అల్యూమినియం చాలావరకు కరిగే ఉండిపోయి ఫిల్టరులోంచి దర్జాగా దాటిపోతుంది.

అసలు తిరకాసు ఏమిటంటే, పటికది కూడా ఆమ్లగుణమే. లీటరుకు 40 మిల్లీగ్రాముల పటిక వేస్తే సుమారు 20 మిల్లీగ్రాముల ఆల్కలినిటీని, అంటే ఆమ్లాన్ని తట్టుకునే నీళ్ల శక్తిని, తినేస్తుంది. నీళ్లలో ఉన్నది 15 అయితే పీహెచ్ కుప్పకూలుతుంది. కొత్తలో ఒక నైట్ షిఫ్టులో నేనూ ఇదే చేశాను. తుట్టెలు సూదిమొనంత ఉన్నాయని డోస్ పెంచాను, అవి ఇంకా చిన్నవయ్యాయి. మళ్లీ పెంచాను! తెల్లారి చూస్తే పీహెచ్ 4.6.

పోయిన ఆల్కలినిటీని సున్నంతో తిరిగి ఇవ్వాలి. ఎంతో తేలాలంటే జార్ టెస్ట్ చెయ్యి. ఆరు బీకర్లలో మీ నీళ్లు తీసుకో. పటిక అన్నిట్లో ఒకటే, సున్నం మాత్రం మార్చుతూ పో. సున్నం ముందు, పటిక తర్వాత. ఒక నిమిషం వేగంగా, 20 నిమిషాలు నెమ్మదిగా కలిపి, అరగంట కదపకుండా ఉంచు. పీహెచ్ పటిక కలిశాక చూడాలి, ఏమీ కలపని పచ్చినీళ్లది చూసి మురిసిపోకు. సున్నం మడ్డి పైపుల్లో పేరుకుంటుందనుకుంటే సోడా యాష్ (సోడియం కార్బనేట్) వాడు. పటికకు బదులు వాడే ఫెర్రిక్ క్లోరైడ్ ఇంకా తక్కువ పీహెచ్‌లోనూ తుట్టె కడుతుంది, కానీ అదీ ఆల్కలినిటీని తింటుంది.

ఒక్క మినహాయింపు. ఆకులు కుళ్లి టీ రంగు తిరిగిన నీళ్లయితే తొందరపడి సున్నం వేయకు. ఆ రంగు 5, 6 మధ్యే బాగా విరుగుతుంది. అక్కడ సున్నం ఫిల్టరు దాటాక.

మార్చిన డోస్ ఫలితం వెంటనే కనబడదు, ట్యాంకులో పాత నీళ్లు పోవాలి. ఈలోగా టెన్షన్ పడి పటిక డోస్ పంపు మీద చెయ్యి వేయకు. జార్ టెస్ట్ అంకెలు రాసి పంపు, అందులో ఆల్కలినిటీ కూడా ఉండాలి.