చలన విశ్లేషణ, డేటా గోప్యతలలో పీహెచ్‌డీ చేయదలచిన మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

మానవ చలన విశ్లేషణ, డేటా గోప్యత కలిసే చోట పీహెచ్‌డీ చేయాలనుకుంటున్నానని నువ్వు రాసిన ఉత్తరం చదివి చాలా సంతోషించాను. ఈ రెండింటిలో ఒకదానిలో చేరి, రెండోదాన్ని సిద్ధాంత గ్రంథం చివర ఒక అధ్యాయంగా అతికించేవారు ఉంటారు. నువ్వు మాత్రం అలా చేయవద్దు.

వీడియోలో ముఖాన్ని మసకబరిస్తే మనిషిని దాచేసినట్టేనని చాలామంది నమ్ముతారు. అయితే కీళ్ల దగ్గరి వెలుగు చుక్కలు తప్ప మరేమీ కనబడని దృశ్యాల్లో సైతం, నడకను బట్టి తమ మిత్రులను మనుషులు కొంతమేరకు గుర్తుపట్టగలరని మనోవిజ్ఞాన పరిశోధకులు కటింగ్, కొజ్లోవ్‌స్కీ 1977లోనే చూపారు. అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2023లో వర్చువల్ రియాలిటీ ఆట ఆడిన 55,541 మంది తల, చేతుల కదలికలతో ఒక కంప్యూటర్ నమూనాకు (మోడల్‌కు) ముందుగా శిక్షణ ఇచ్చి, ఆ తరువాత 100 సెకన్ల కదలిక చాలు, 94 శాతం కచ్చితత్వంతో ఎవరు ఎవరో చెప్పవచ్చని నిరూపించారు. పేరు, ముఖం తీసేసిన ఫైలును అనామకమని పిలిచే హక్కు మనకు లేదని దీని అర్థం.

అసలు కష్టం ఆ తరువాత మొదలవుతుంది. పార్కిన్సన్స్ రోగిని తీసుకో. అడుగులు చిన్నవవుతాయి, చేతుల ఊపు తగ్గుతుంది, అదీ తరచుగా ఒక పక్కనే ఎక్కువగా తగ్గుతుంది. వైద్యుడికి కావలసింది ఆ ఎడమ కుడి తేడానే. గోప్యత కోసమని అందరి నడకనూ సగటు వైపు లాగితే మనిషి మరుగునపడతాడు, కానీ ఆ తేడా కూడా చెరిగిపోయి డేటా చికిత్సకు పనికిరాకుండా పోతుంది. మనిషిని పట్టించే లక్షణాలూ వ్యాధిని చూపే లక్షణాలూ ఒకే మోకాలి కోణంలో, ఒకే అడుగు లయలో పెనవేసుకుని ఉంటాయి కనుక, దేన్ని ఎంత వదులుకోవచ్చో కొలవడమే నీ పరిశోధన కావాలని నా కోరిక. 2006లో వచ్చిన డిఫరెన్షియల్ ప్రైవసీ, అంటే ఏ ఒక్కరి సమాచారం ఉన్నా లేకున్నా ఫలితం పెద్దగా మారకుండా కొలిచి నాయిస్ (యాదృచ్ఛిక మార్పు) కలిపే పద్ధతి, ఇందుకు గట్టి గణిత పునాది ఇస్తుంది. అయితే కాలంతో పాటు సాగే కదలికల డేటాలో ఒక క్షణానికీ మరుక్షణానికీ విడదీయరాని సంబంధం ఉంటుంది కాబట్టి, ప్రతి క్షణాన్నీ విడిగా చూసి నాయిస్ కలిపితే సరిపోదు. ఇంకొక హెచ్చరిక: నీ పద్ధతిని పాత గుర్తింపు నమూనాతో పరీక్షించి ఊరుకోవద్దు. నువ్వు మార్చిన డేటా మీదే కొత్తగా శిక్షణ పొందిన నమూనాతో పరీక్షించు, ఎందుకంటే దాడి చేసేవాడు నీ పద్ధతి తెలిసినవాడే అయి ఉంటాడని భావించడం న్యాయం.

అవకాశాల విషయానికి వస్తే, యూరప్‌లో మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్‌లను, అంటే యూరోపియన్ యూనియన్ నిధులతో పలు దేశాల సంస్థలు కలిసి నడిపే పీహెచ్‌డీ కార్యక్రమాలను, తప్పక చూడు. ప్రకటనలు యూరాక్సెస్ అనే పరిశోధన ఉద్యోగాల పోర్టల్‌లో వస్తాయి, ఏ దేశస్థులైనా దరఖాస్తు చేయవచ్చు, స్థానం ఉద్యోగంగా జీతంతో ఉంటుంది. ఒక నియమం మాత్రం జాగ్రత్తగా గమనించు: నియామకానికి ముందటి 36 నెలల్లో ఆ స్థానం ఉన్న దేశంలో 12 నెలలకు మించి ఉండి ఉండకూడదు. జర్మనీలో ఎంఎస్ చదువుతున్న మన పిల్లలకు అక్కడి స్థానం మూసుకుపోయినా నెదర్లాండ్స్‌లోనిది తెరిచే ఉంటుంది, కనుక దేశాన్ని కాకుండా నెట్‌వర్క్‌ను వెతుకు. ఇక్కడే ఉండదలిస్తే, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్ విజన్ కేంద్రమూ క్రిప్టోగ్రఫీ మీద పనిచేసే కేంద్రమూ ఒకే ఆవరణలో ఉన్నాయి. ఐఐటీ హైదరాబాద్‌లో బయోమెడికల్ ఇంజినీరింగ్ విభాగం ఉంది. నెట్ జాతీయ అర్హత పరీక్ష ద్వారా జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే 2023 జనవరి నుంచి అమలులో ఉన్న లెక్క ప్రకారం నెలకు 37,000 రూపాయలు. ఎక్కడ చేరినా ఇద్దరు పర్యవేక్షకులను అడుగు: ఒకరు నడకను కొలిచేవారు, మరొకరు గోప్యత తెలిసినవారు. ఆ ఇద్దరూ కలిసి కూర్చుంటారా అని అక్కడి విద్యార్థులను నేరుగా విచారించు.

చట్టాన్ని కూడా మొదటి ఏడాదిలోనే చదువు. యూరప్‌లో 2018 నుంచి వర్తిస్తున్న డేటా రక్షణ చట్టం జీడీపీఆర్ ఆరోగ్య సమాచారాన్నీ, మనిషిని గుర్తించడానికి వాడే బయోమెట్రిక్ సమాచారాన్నీ ప్రత్యేక వర్గంగా చూస్తుంది. మన 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో అలాంటి విభజన లేదు. పరిశోధనకు షరతులతో మినహాయింపు ఉంది గానీ, అది చూసుకుని సమ్మతి పత్రాన్ని తేలికగా తీసుకోవద్దు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నైతిక మార్గదర్శకాలు ఎలాగూ ఉంటాయి, ఆసుపత్రి ఎథిక్స్ కమిటీ ఎలాగూ అడుగుతుంది. నడవడానికే కష్టపడుతూ ల్యాబ్ దాకా వచ్చిన రోగికి, తన డేటా ఎవరి చేతికి పోతుందో తెలుగులో, అర్థమయ్యేలా చెప్పడం నీ బాధ్యత.

దరఖాస్తుకు ముందు కాసియా-బి వంటి నడక వీడియోల డేటా సమితిని అనుమతి అడిగి తెచ్చుకో. అందులో 124 మంది నడక 11 కోణాల నుంచి ఉంది. కోటు వేసుకుని, సంచి పట్టుకుని నడిచినవీ ఉన్నాయి. ఒక చిన్న ప్రయోగం చేసి, ఫలితాన్ని, నీ పరిశోధన ప్రశ్నను ఒకే పేజీలో రాసి నాకు పంపు. నేను చదివి దిద్దిన తరువాతే ప్రొఫెసర్లకు రాయడం మొదలుపెడదాం.

ఆశీస్సులతో,
మీ మామయ్య