వర్క్‌షాప్ సందేహాలు: మర కొలతకు మూడు తీగలు

ప్రశ్న: ఇంట్లో చిన్న లేత్ మీద ఎం10×1.5 బోల్టులు (పై వ్యాసం 10 మి.మీ., పిచ్ అంటే చుట్టుకీ చుట్టుకీ దూరం 1.5 మి.మీ.) చేసుకుంటున్నాను. పై వ్యాసం వెర్నియర్‌తో చూస్తే ప్రతిదీ 9.85 దగ్గరే ఉంటోంది, అయినా ఒకదానికి నట్టు ఎక్కదు, ఇంకోదానికి లొడలొడలాడుతుంది. థ్రెడ్ మైక్రోమీటర్ కొనేంత డబ్బు లేదు. మామూలు మైక్రోమీటర్‌తో పని అవుతుందా? – కూకట్‌పల్లి పాఠకుడు

జవాబు: అవుతుందండీ, బాగానే అవుతుంది. పై వ్యాసం చూసి మర బాగుందో లేదో చెప్పలేం, ఎందుకంటే నట్టు ఆనేది మర పక్కవాలుల మీద. ఆ వాలులు ఎంత లోతున ఉన్నాయో చెప్పేది పిచ్ డయామీటర్. మీ ఎం10×1.5కి మామూలు 6జీ టాలరెన్స్‌లో (అనుమతించే తేడాలో) అది 8.862 నుంచి 8.994 మి.మీ. లోపల ఉండాలి, అంటే మీకు దొరికే చోటు 0.13 మాత్రమే.

ఒకే మందం ఉన్న మూడు సన్న తీగలు తీసుకుని, మర గాడుల్లో ఒకవైపు రెండు, ఎదురువైపు ఒకటి పెట్టి, వాటి మీదుగా మైక్రోమీటర్‌తో కొలవండి. 60 డిగ్రీల మరకి లెక్క ఇది: వచ్చిన కొలతలోంచి తీగ మందానికి మూడు రెట్లు తీసేసి, పిచ్‌ని 0.866తో గుణించి కలపాలి. తీగ మందం పిచ్‌కి 0.577 రెట్లు ఉంటే అది సరిగ్గా పిచ్ లైన్ (పిచ్ డయామీటర్ కొలిచే చోటు) దగ్గరే ఆనుతుంది, అప్పుడు టూల్ కోణంలో కొంచెం తేడా ఉన్నా కొలత చెడదు. మీ 1.5 పిచ్‌కి 0.866 మి.మీ. తీగ కావాలి. తీగలకు బదులు 0.85 లేదా 0.9 డ్రిల్ బిట్లు ఒకే సైజువి మూడు కొని వాటి నున్నటి శాంక్ (గాడులు లేని కాడ) భాగం వాడండి (శాంక్ లావుగా ఉండే సర్క్యూట్ బోర్డు బిట్లు వద్దు).

పెట్టె మీద రాసిన సైజుని మాత్రం నమ్మకండి. తీగలో 0.01 తప్పు ఉంటే జవాబులో 0.03 తప్పవుతుంది, మీకున్న టాలరెన్స్‌లో అది దాదాపు పావు వంతు! మూడింటినీ రెండు మూడు చోట్ల కొలిచి, తేడా ఉన్నదాన్ని పక్కన పెట్టండి. మైక్రోమీటర్ సున్నా కూడా ముందే చూసుకోండి.

శాంక్ 0.89 వచ్చిందనుకుందాం. దానికి మూడు రెట్లు 2.67, అందులోంచి 1.299 (1.5 × 0.866) పోతే 1.371. ఇక ప్రతి కొలతలోంచి ఈ 1.371 తీసేస్తే చాలు, అంటే తీగల మీద కొలత 10.233కీ 10.365కీ మధ్య రావాలి. 10.46 వచ్చిందంటే పిచ్ డయామీటర్ 9.089, ఇంకా కోయాలి. మధ్యలోకి 8.93కి రావాలంటే వ్యాసంలో 0.16 తగ్గాలి, టూల్‌ని నేరుగా లోపలికి 0.08 నడిపితే సరిపోతుంది. మీ క్రాస్ స్లయిడ్ (టూల్‌ని లోపలికి నడిపే భాగం) డయల్ వ్యాసం చూపిస్తుందో, టూల్ నడిచిన దూరం చూపిస్తుందో తెలుసుకోకుండా మాత్రం తిప్పకండి.

తీగలు జారిపోవడమే అసలు చిరాకు. చివర్లకి కొంచెం గ్రీజు రాసి అంటించండి, ఆనే చోట మాత్రం గ్రీజు ఉండకూడదు. గాడుల్లో రజను బ్రష్‌తో తీసేయండి, మైక్రోమీటర్‌ని దాని చివరి ర్యాచెట్‌తోనే (టిక్‌టిక్‌మనే పిడితోనే) బిగించండి. వేడి గురించి మరీ టెన్షన్ వద్దు, 10 మి.మీ. ఉక్కు 40 డిగ్రీలు వేడెక్కినా పెరిగేది 0.005 లోపే.

ప్రశ్న: మూడు తీగల కొలత హద్దుల్లోనే వచ్చింది. అయినా నట్టు మొదటి రెండు చుట్లు హాయిగా ఎక్కి తర్వాత బిగుసుకుపోతోంది. లెక్క తప్పా? – విజయవాడ పాఠకుడు

జవాబు: లెక్క తప్పు కాదండీ, మీ పిచ్ తప్పు. తీగలు ఒకటి రెండు గాడుల్ని మాత్రమే చూస్తాయి, నట్టు అన్నింటినీ ఒకేసారి పట్టుకుంటుంది. నట్టు పొడవులో పిచ్ తేడా మొత్తం 0.02 అయితే, 60 డిగ్రీల మరలో అది 1.732 రెట్లై, బోల్టు 0.035 లావైనట్టే నట్టుకి తగులుతుంది. 8 మి.మీ. నట్టుకి ఆ 0.02 రావాలంటే గేర్ల కూర్పులో 0.25 శాతం తేడా చాలు. అంగుళాల లీడ్ స్క్రూ (టూల్ ఉన్న క్యారేజ్‌ని నడిపే పొడవాటి మర) ఉన్న పాత లేత్ మీద, అంగుళాల్ని మిల్లీమీటర్లకి మార్చే 127 పళ్ల గేరు లేకుండా ఉజ్జాయింపుగా మెట్రిక్ మరలు కోసేవాళ్లు ముందు ఇదే చూడాలి. అరిగిన లీడ్ స్క్రూ వల్ల కూడా వస్తుంది.

హాఫ్ నట్ (క్యారేజ్‌ని లీడ్ స్క్రూకి తగిలించే పట్టు) వేసి, లూజు తీసి, స్పిండిల్‌ని (బోల్టుని తిప్పే ఇరుసుని) చేత్తో సరిగ్గా 10 చుట్లు తిప్పండి, క్యారేజ్ 15.00 మి.మీ. నడవాలి. మొదటి చుట్టు నుంచే బిగుతుగా ఉంటే మాత్రం కారణం వేరే కావచ్చు, టూల్ మొన అరిగి గాడి అడుగు మందంగా మిగిలి అక్కడ నట్టు తగులుతుండవచ్చు. పిచ్ తప్పుని దాచడానికి మర ఇంకా లోతుగా కోస్తే నట్టు ఎక్కుతుంది కానీ బరువంతా ఒకటి రెండు చుట్ల మీదే పడుతుంది, బరువు మోసే బోల్టుకి ఆ పని అస్సలు చేయకండి.

ప్రశ్న: అర అంగుళం పైపు మరకీ ఇదే లెక్కేనా? – వరంగల్ పాఠకుడు

జవాబు: కాదు. పైపులకు వాడే బీఎస్పీ (బ్రిటిష్ స్టాండర్డ్ పైప్) మర కోణం 55 డిగ్రీలు, మీ సైజుకి అంగుళానికి 14 చుట్లు. తీగ మందాన్ని మూడుతో కాక 3.1657తో, పిచ్‌ని 0.9605తో గుణించండి. పిచ్ 1.814 కాబట్టి 1 మి.మీ. బిట్లు సరిపోతాయి. ఇది సమాంతర మరకి మాత్రమే, టేపర్ (చివరికి సన్నబడే) మరకి రింగ్ గేజి (ఎక్కించి చూసే కొలత ఉంగరం) వాడాల్సిందే.