తోట ప్రశ్నలు: వాలు నేలకు పాకే లాంటానా

ప్రశ్న: ఎండాడలో కొండ అంచును తొలిచి కట్టిన ఇల్లు మాది. పెరటి వెనుక ఇరవై అడుగుల వెడల్పున, పది అడుగుల మేర ఏటవాలుగా ఎర్రమట్టి, రాతిముక్కలు కలిసిన నేల ఉంది. గడ్డి రెండుసార్లు వేయించినా నిలవలేదు. వానపడితే బురద వంటింటి గుమ్మం దాకా వస్తోంది. నర్సరీవారు లాంటానా వేయమంటున్నారు. కొండల మీద పెరిగే తలంబ్రాల చెట్టు ఇదే కాదా? పక్కింటివారు పసుపు పూల వెడీలియా ఉచితంగా ఇస్తామంటున్నారు. ఏది మేలు? — ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: మీ అనుమానం సరైనదే గానీ, నర్సరీవారు చెప్పింది పాకే లాంటానా గురించి అయి ఉండాలి. కొండల మీది తలంబ్రాల చెట్టుకు ముళ్లుంటాయి. ఒకే గుత్తిలో పసుపు, నారింజ, గులాబీ రంగు పూలు పూస్తాయి. నల్లని పండ్లను పక్షులు తిని విత్తనాలను ఊరంతా చల్లుతాయి. పాకే లాంటానా కూడా దక్షిణ అమెరికా నుంచే వచ్చిన దాని దాయాది. దీని కొమ్మలు సన్నగా, మెత్తగా ఉండి నేల మీదికి వాలతాయి, పూలు లేత ఊదా రంగులో ఉంటాయి, తోటల్లో పెంచే రకాలకు కాయలు అరుదు. అయినా కొనే ముందు కొమ్మను వేళ్లతో నిమిరి, ముళ్లు తగిలితే తిరిగి ఇచ్చేయండి. వెడీలియాను మాత్రం మర్యాదగా వద్దనండి. అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య రూపొందించిన 100 అతి హానికర ఆక్రమణ జాతుల జాబితాలో తలంబ్రాల చెట్టుతో పాటు అదీ ఉంది. కాలువ గట్టు దాటితే దాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు.

అసలు కష్టం మొక్కను ఎంచుకోవడంలో లేదు, మొదటి వానాకాలం దాటించడంలో ఉంది. మన ఎర్రమట్టి నీటికి ఎంత తేలిగ్గా కోసుకుపోతుందో భీమిలి దారిలోని ఎర్రమట్టి దిబ్బలను చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. అందుకే వాలు మీద కొత్త మట్టి తెచ్చి పరిపించకండి; మొదటి పెద్ద వానకే అది మీ గుమ్మంలోకి చేరుతుంది. నేలంతా తవ్వనూ వద్దు, మొక్క పెట్టే చోట మాత్రమే గునపంతో అడుగు లోతు గుంట తీసి, తవ్విన మట్టిలో మూడో వంతు బాగా చివికిన పశువుల ఎరువు కలిపి నింపండి. గుంటకు దిగువ వైపున, తవ్వితే వచ్చిన రాతిముక్కలతోనే అర్ధచంద్రాకారంలో చిన్న గట్టు పేర్చితే నీరు అక్కడ ఒక్క క్షణం ఆగి వేరు దగ్గరికి ఇంకుతుంది.

మొక్కకు మొక్కకు రెండున్నర అడుగులు ఎడం ఉంచి, పై వరుసలోని ఖాళీకి ఎదురుగా కింది వరుస మొక్క వచ్చేలా నాటితే మీ స్థలానికి సుమారు 35 మొక్కలు సరిపోతాయి. నాటకముందే పాత గోనె సంచులను విప్పి వాలు మీద పరిచి, వెదురు మేకులతో బిగించి, గుంట రావలసిన చోట కత్తితో అడ్డంగా, నిలువుగా కోయండి. చూడడానికి అందంగా ఉండదన్నది నిజమే కానీ, సంచులు చివికిపోయేలోగా కొమ్మలు వాటిని కప్పేస్తాయి. జూన్ నడుమ నుంచి జూలై చివరిలోగా నాటితే అక్టోబరు తుపాన్ల నాటికి వేళ్లు పట్టుకుంటాయి. పాకిన కొమ్మను కణుపు దగ్గర గుప్పెడు మట్టితో కప్పి, చిన్న రాయి బరువు పెడితే అక్కడా వేరు వస్తుంది. ఇలా పుట్టిన కొత్త వేళ్లే మట్టిని పట్టేది.

మొదటి వేసవిలో నాలుగు రోజులకొకసారి, వాలు పైభాగం నుంచి నెమ్మదిగా, లోతుగా తడపండి. రెండో ఏడాది నుంచి ఆకు వాడినప్పుడు పోస్తే చాలు. నీరు, యూరియా ఎక్కువైతే ఆకు పెరిగి పూలు తగ్గుతాయి. ఏటా వానాకాలం మొదట్లో అరడుగు ఎత్తుకు కత్తిరించండి, చేతులకు తొడుగులు వేసుకోండి, ఎందుకంటే గరుకు ఆకు కొందరికి దురద పెడుతుంది. కోసిన కొమ్మలను వీధిలో పడేయవద్దు. లాంటానా ఆకు పశువులకు విషం, మన వీధుల్లో ఆవులకు కొదవ లేదు.

మరొక మాట: వాలు నిలువుగోడలా ఉన్నా, పైన పగుళ్లు కనిపించినా, ఏ మొక్కా ఆపలేదు. ముందు ఇంజినీరుకు చూపించి రాతి కట్టు కట్టించండి, పూల సంగతి తరువాత.

ప్రశ్న: సాగర్‌నగర్‌లో సముద్రానికి ఎదురుగా ఇల్లు. ఉప్పుగాలికి ఈ మొక్క తట్టుకుంటుందా? వేపచెట్టు కింద కూడా వేయవచ్చా?

జవాబు: ఉప్పుగాలిని బాగానే తట్టుకుంటుంది, నేలకు అంటి ఉండడం వల్ల ఈదురుగాలి దెబ్బా తక్కువే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు వేళ్లతో సహా పడిపోయినవి నిలువెత్తు చెట్లే కదా. గాలివాన వెలిసిన మరునాడు ఆకులను మంచినీటితో కడిగితే అంచులు మాడవు. ఉత్త ఇసుకలోనైతే గుంటకు కొబ్బరి పొట్టు, ఎరువు తప్పనిసరి. వేపచెట్టు కింద మాత్రం వద్దు: రోజుకు ఆరు గంటల ఎండ లేకపోతే పూయకపోగా ఆకులకు బూడిద తెగులు పడుతుంది.